ఆ ఆదివారం అయిదింటి తర్వాత టీసీని మార్చేశా

మొన్న అమ్మ వీడియో కాల్‌లో ఉండగా నేను లాప్‌టాప్‌లో ఎవరికో 400 డాలర్లు పంపిస్తున్నా, ఎవరికే అంది, మా టీసీకి అన్నా. రైల్లో టీసీయా, స్కూల్లో ఇచ్చే టీసీయా అని అమ్మ, పక్కన నాన్న నవ్వు. ట్రాన్సాక్షన్ కోఆర్డినేటర్ అంటే ఇంకా అర్థం కాలేదు. అప్పుడు చెప్పా, మన కొంపల్లి ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకాయన ఈసీ తీయించి, లింక్ డాక్యుమెంట్లు వరసగా పెట్టి, స్లాట్ బుక్ చేసి, సాక్షులు ఆధార్ తెస్తున్నారు కదా అని రాత్రి పదింటికి ఫోన్ చేశాడు చూడూ, అలాంటి మనిషి అని. "ఓ, డాక్యుమెంట్ రైటరా" అంది. కాదు గానీ, దగ్గరికొచ్చింది.

తెలియని వాళ్ల కోసం చెప్తా, నేను టెక్సస్‌లో ఫ్రిస్కో చుట్టుపక్కల ఇళ్లు కొనిపిస్తా, అమ్మిస్తా. లైసెన్స్ వచ్చి ఆరేళ్లయింది. నా క్లయింట్లలో మనవాళ్లే ఎక్కువ. మొదటి మూడేళ్లు అన్నీ నేనే చూసుకున్నా, ఇళ్లు చూపించడం, ఆఫర్ రాయడం, కాంట్రాక్ట్ సంతకాలయ్యాక టైటిల్ కంపెనీ (ఆస్తి కాగితాలు సరిచూసి, డబ్బు మధ్యలో పట్టుకుని సంతకాలు చేయించేది) వెనక, లోన్ ఇచ్చే లెండర్ వెనక, హెచ్‌ఓఏ అంటే కాలనీ అసోసియేషన్ వెనక, ఇన్స్పెక్టర్ వెనక పడటం, అంతా. నెలకి ఒక ఇల్లు ఉన్నప్పుడు బానే ఉంటుంది, ఒకేసారి నాలుగు ఫైళ్లు పడితే తెలుస్తుంది అసలు సంగతి. పిల్లాడి కుమాన్ ట్యూషన్ బయట కార్లో కూర్చుని డాక్యుసైన్‌లు, అంటే ఆన్‌లైన్ సంతకాల కాగితాలు, పంపిన రోజులు ఎన్నో. సరే టీసీని పెట్టుకుందాం అనుకున్నా, మా ఆయన వెంటనే లెక్క మొదలెట్టాడు, "నీ కమిషన్‌లో ఒక పక్క బ్రోకర్ వాటా, ఇంకో పక్క కస్టమర్‌కి క్యాష్‌బ్యాక్, ఇప్పుడు టీసీకి ఫీజు, మరి నీకేం మిగుల్తుంది" అని. నిజమే, కొత్త ఇళ్లకి మనవాళ్లు మొదటి ఫోన్‌లోనే అడిగే ప్రశ్న క్యాష్‌బ్యాక్ ఎంత అనే కదా. ఆ లెక్కల వల్లే నేను మొదటిసారి చౌకలో పోయా.

చౌక అంటే ఫైల్‌కి 200 డాలర్లు. ఎవరో గ్రూపులో చెప్తే తీసుకున్నా. ఆ అమ్మాయి దగ్గర ఏదో ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ ఉంది, లోగోతో మంచి చెక్‌లిస్ట్ ఉంది, మెయిల్ పెడితే అయిదు నిమిషాల్లో రిప్లై, చివర్లో స్మైలీ కూడా. నేను పడిపోయా. ఇక్కడ ఒక మాట చెప్పాలి, టెక్సస్‌లో టీసీకి విడిగా లైసెన్స్ అనేది లేదు. కాగితాల పని, తేదీల పని మాత్రమే చేస్తే ఎవరైనా చెయ్యొచ్చు. కాబట్టి క్వాలిఫైడ్ అని ఎవరైనా తమ పేరు పక్కన రాసుకుంటే దానికి ఏ ముద్రా లేనట్టే, మనమే చూసుకోవాలి. నాకప్పుడు ఏం చూడాలో తెలీదు.

ఇక అసలు కథ. క్లయింట్ ఒక ఫ్యామిలీ, ఇద్దరు పిల్లలు, 5,80,000 డాలర్ల ఇల్లు, ఎర్నెస్ట్ మనీ, అంటే బయానా లాంటిది, ఒక శాతం అంటే 5,800, ఆప్షన్ ఫీజు 300, ఆప్షన్ పీరియడ్ పది రోజులు. ఈ ఆప్షన్ పీరియడ్ అనేది టెక్సస్ కాంట్రాక్ట్‌లో కొనేవాడికి ఉన్న పెద్ద ఊరట, ఆ రోజుల లోపు ఏ కారణం చెప్పకపోయినా కాన్సిల్ చేసుకోవచ్చు, ఆప్షన్ ఫీజు పోతుంది గానీ ఎర్నెస్ట్ మనీ వెనక్కొస్తుంది. కాంట్రాక్ట్ ఎఫెక్టివ్ డేట్, అంటే గడువులన్నీ లెక్క మొదలయ్యే తేదీ, గురువారం. బుధవారం ఇన్స్పెక్షన్ అయింది, ఇన్స్పెక్టర్ హాల్లో టైల్స్ మధ్య పగులు చూపించి, తలుపు మూస్తే మూత పడట్లేదు చూడండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి అన్నాడు. ఇక్కడ మట్టి మన నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, దాని మీద స్లాబ్ వేసి ఇల్లు కడతారు, ఎండాకాలంలో ఫౌండేషన్ చుట్టూ నీళ్లు పెట్టుకునే ఊరు ఇది. ఇంజనీర్ శనివారం వచ్చి చూసి రాత్రికి రిపోర్ట్ పంపాడు, ఫౌండేషన్ కింద పియర్లు, అంటే ఊత స్తంభాలు, వెయ్యాలి, ఖర్చు పెద్దదే.

ఆదివారం మధ్యాహ్నం నేను హనుమాన్ టెంపుల్లో ఉన్నా, ప్రసాదం లైన్లో. క్లయింట్ ఫోన్ చేసి "అక్కా, మాకు ఈ ఇల్లు వద్దు, ఫౌండేషన్ అంటే భయంగా ఉంది" అన్నాడు. నేను ఫోన్లో టీసీ పంపిన డేట్ల షీట్ తీసి చూశా, ఆప్షన్ ఎండ్ సోమవారం సాయంత్రం అయిదు అని ఉంది, ఆకుపచ్చ రంగులో. సరే తమ్ముడూ, రేపు పొద్దున్నే టర్మినేషన్ నోటీస్ పంపిద్దాం, ఇవాళ ఇంకోసారి ఇద్దరూ మాట్లాడుకోండి అన్నా. ఎంత ప్రశాంతంగా చెప్పానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సోమవారం 9:40కి నోటీస్ పంపా. పది నిమిషాల్లో అవతలి ఏజెంట్ నుంచి రెండు లైన్ల మెయిల్, గడువు నిన్న సాయంత్రం అయిదింటికే అయిపోయింది, మా సెల్లర్ దీన్ని ఒప్పుకోవట్లేదు అని.

మీరే లెక్క పెట్టండి. గురువారం ఎఫెక్టివ్ డేట్ అయితే శుక్రవారం ఒకటో రోజు, పదో రోజు ఆదివారం. మా టీసీ ఆదివారం సెలవు కదా అని సోమవారానికి జరిపేసింది. ఆ జరపడం అనేది ఎక్కడి నుంచి వచ్చిందంటే అదే కాంట్రాక్ట్‌లో అదే పేరాలోనే ఉంది, ఎర్నెస్ట్ మనీ, ఆప్షన్ ఫీజు మూడు రోజుల్లో టైటిల్ కంపెనీకి అందాలి, ఆఖరి రోజు శనివారం గానీ ఆదివారం గానీ సెలవు గానీ అయితే తర్వాతి పని రోజుకి జరుగుతుంది. అది డబ్బు చేర్చడానికి. ఆప్షన్ పీరియడ్‌కి ఆ వెసులుబాటు లేదు, ఆదివారమైనా క్రిస్మస్ అయినా సాయంత్రం అయిదు అంటే అయిదే, అదీ ఇల్లు ఉన్న ఊరి టైమ్ ప్రకారం. మా ఫైల్లో చూడండి విచిత్రం, మూడో రోజూ ఆదివారమే, పదో రోజూ ఆదివారమే, ఒకటి జరుగుతుంది, ఒకటి జరగదు. పిల్ల మొదటిది చూసి రెండోదానికీ అదే అంటించింది.

తప్పు ఆ అమ్మాయిదే అని నేను అన్లేను. లైసెన్స్ నాది, సంతకం నాది, కాంట్రాక్ట్ తెరిచి ఒక్కసారి వేళ్ల మీద లెక్క పెట్టుంటే అయిపోయేది. రెండు వారాలు లాగారు, ఎర్నెస్ట్ మనీ వదలాలంటే ఇద్దరూ రిలీజ్ ఫామ్ మీద సంతకం పెట్టాలి కదా, చివరికి సెల్లర్ సగం ఉంచుకుని సగం వదిలాడు. మా బ్రోకర్‌తో మాట్లాడి ఆ పోయిన 2,900 నా జేబులోంచి క్లయింట్‌కి ఇచ్చా. ఫైల్‌కి 200 ఆదా చేద్దామనుకుని 2,900 కట్టా, మా ఆయన ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

రెండోసారి పద్ధతి మార్చా. ముందు బ్రోకర్‌ని అడిగా, బయటి టీసీని పెట్టుకోవచ్చా, మన ఫైళ్ల సిస్టమ్‌లో ఆవిడకి విడిగా లాగిన్ ఇస్తారా అని. ఇది చాలామంది అడగరు, తమ పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, మీ పేరు మీద ఎవరు ఏం పంపారో తర్వాత మీరే చెప్పలేరు. తర్వాత నలుగురిని పిలిచి మాట్లాడా, రెజ్యూమేలు పక్కన పెట్టి ఒక్కొక్కరికీ నా పాత కాంట్రాక్ట్ పేర్లు కొట్టేసి ఇచ్చా, అదే ఆ ఆదివారం కాంట్రాక్ట్. తేదీలన్నీ రాసివ్వండి, ఎంత టైమైనా తీసుకోండి అన్నా.

ఇద్దరు ఆప్షన్ ఎండ్ సోమవారం అని రాశారు! నాకు కాస్త ఓదార్పుగా కూడా అనిపించింది, నిజం చెప్తున్నా. ఒకాయన ఆదివారం అని కరెక్ట్‌గా రాశాడు గానీ సాఫ్ట్‌వేర్‌లో వేసి తీశాడు, ఎందుకు అని అడిగితే సిస్టమ్ అలా చూపించింది అన్నాడు. నాలుగో ఆవిడ అసలు తేదీలు రాయలేదు. కాంట్రాక్ట్‌లో సంతకాల పేజీ తీసి నా వైపు తిప్పి, ఎఫెక్టివ్ డేట్ ఖాళీగా ఉంది, దేన్నుంచి లెక్క పెట్టమంటారు అంది. నేను కాపీ తీసేటప్పుడు పేర్లతో పాటు అది కూడా కొట్టేశానన్నమాట, చూసుకోలేదు. మిగతా ముగ్గురూ ఆఖరి డాక్యుసైన్ టైమ్ చూసి మొదలెట్టేశారు. ఆవిడ ఏమందంటే ఆఖరి సంతకం పడిన రోజూ, ఆ సంగతి అవతలి పక్షానికి తెలియజేసిన రోజూ ఒకటే కాకపోవచ్చు, అది బ్రోకర్ నింపాల్సిన గడి, నేను ఊహించి రాయను అంది. గురువారం అని చెప్పా. అప్పుడు పెన్సిల్‌తో క్యాలెండర్ మీద చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి, ఆదివారం గడిలో 5 అని రాసి చుట్టూ సున్నా చుట్టి, పక్కన "క్లయింట్‌కి శుక్రవారమే ఫోన్" అని రాసింది. ఆదివారం ఎవరూ ఫోన్ ఎత్తరు కదా అంది. నాకు టెంపుల్లో ప్రసాదం లైన్ గుర్తొచ్చింది.

ఆవిడ అమెరికనే, వయసు అరవై దగ్గర, అంతకు ముందు ఒక టైటిల్ కంపెనీలో ఎస్క్రో అసిస్టెంట్‌గా చాలా ఏళ్లు చేసింది. ఫైల్‌కి 400, అదీ క్లోజింగ్, అంటే ఆఖరి సంతకాలై ఇల్లు చేతులు మారడం, అయినప్పుడే, డీల్ మధ్యలో పోతే 100. బేరం ఆడబోయా, మన రక్తం కదా, ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఇంకో సంగతి, అసలు టెక్సస్‌లో లెక్కలు రెండు రకాలు అనుకున్నా కదా, మూడోది కూడా ఉంది. లోన్ తీసుకున్న వాళ్లకి క్లోజింగ్ డిస్‌క్లోజర్ అని లెండర్ పంపే కాగితం, 2015 అక్టోబర్ నుంచి ఉన్న ఫెడరల్ రూల్, క్లోజింగ్‌కి మూడు బిజినెస్ డేస్ ముందు అందాలి. ఇక్కడ బిజినెస్ డే అంటే శనివారం కూడా లెక్కే, ఆదివారం, ఫెడరల్ సెలవులు కాదు. గురువారం అందితే సోమవారం క్లోజ్ చెయ్యొచ్చు. అంటే ఒకే ఫైల్లో ఒక గడువు శని, ఆదివారాల్లో పడితే ముందుకి జరుగుతుంది, ఇంకోటి జరగదు, మూడోదానికి శనివారం లెక్కే గానీ ఆదివారం కాదు. పంచాంగం చూసి పెరిగిన వాళ్లం, మనకి ఇది కొత్త కాదనుకోండి, వర్జ్యం వేరు దుర్ముహూర్తం వేరు, కానీ ఎవరో ఒకరు కూర్చుని చూడాలి.

పంచాంగం అంటే గుర్తొచ్చింది. మనవాళ్ల ఫైళ్లలో ఎప్పుడూ ఒక తలనొప్పి ఉంటుంది, కాంట్రాక్ట్ కాకముందే ఇండియాలో పంతులుగారిని అడిగి గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుంటారు. తర్వాత ఆషాఢం వచ్చేస్తుంది, మూఢం వచ్చేస్తుంది, ఈ డేట్ దాటితే ఇంకో రెండు నెలలు ఆగాలి అంటారు, లెండర్ ఏమో ఇంకో బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతాడు. ఇది మా టీసీకి మొదట్లో వింతగా ఉండేది, రెండో ఫైల్‌కే, క్లయింట్ మొదట్లో నింపే ఇంటేక్ ఫామ్‌లో ఒక ప్రశ్న చేర్చింది, ఇంట్లో పూజ తేదీ ఏదైనా పెట్టుకున్నారా అని. ఈమధ్య ఇంకో అడుగు ముందుకేసింది. ఒక క్లయింట్ రాహుకాలంలో సంతకం పెట్టనంటే టైటిల్ కంపెనీలో టైమ్ మార్పించాల్సి వచ్చింది, అప్పట్నుంచి క్లోజింగ్ స్లాట్ బుక్ చేసేముందు నాకు మెసేజ్ పెడుతుంది, మంగళవారం మూడింటికి ఖాళీ ఉంది, ఆ చెడ్డ గంటన్నర అప్పుడే కదా అని. మంగళవారం రాహుకాలం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర అని ఆవిడకి బట్టీ వచ్చేసింది! ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి అది మారుతుందని నేనింకా చెప్పలేదు, చెప్తే దానికీ ఒక షీట్ తయారుచేస్తుంది.

ఇంటేక్ ఫామ్‌లో ఆవిడ అడిగే ఇంకో ప్రశ్న ఉంది, నాకు చాలా ఇష్టం, క్లోజింగ్ రోజు భార్యాభర్తలిద్దరూ ఊళ్లో ఉంటారా అని. చిన్న ప్రశ్నే. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, అంటే పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరిదీ, భార్య పేరు లోన్‌లో లేకపోయినా, కాపురం ఉండే ఇంటికి కొన్ని కాగితాల మీద ఆవిడ సంతకం టైటిల్ కంపెనీలు మామూలుగా అడుగుతాయి. మా క్లయింట్ ఒకాయన భార్య వాళ్లమ్మ మోకాలి ఆపరేషన్ అని విజయవాడ వెళ్లింది, తిరిగొచ్చేది క్లోజింగ్ అయిన పది రోజులకి. మామూలుగా అయితే ఇది క్లోజింగ్‌కి రెండ్రోజుల ముందు బయటపడేది, ఓ, మా ఆవిడ ఇండియాలో ఉందండి, నేను పెడతా ఇద్దరి సంతకం అంటారు మనవాళ్లు. మొదటి రోజే తెలిసింది కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్ట్ టైటిల్ కంపెనీకీ లెండర్‌కీ ముందే చూపించి ఓకే తీసుకుని, ఆయన భార్య హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకుని సంతకం పెట్టి, ఒరిజినల్ కొరియర్లో వచ్చింది. మన దగ్గర జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి రాయించుకుని పదేళ్లు వాడతారు కదా, అది ఇక్కడ నడవదు, ఈ ఇల్లు, ఈ అడ్రస్, ఈ లావాదేవీ అని రాసి ఉండాలంటారు.

పేర్ల గొడవ సరే సరి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పేరు ముందు, బ్యాంకులో ఇనీషియల్, ఆఫర్ లెటర్లో ఇంకోలా. మా టీసీ కాంట్రాక్ట్ రాసిన రోజే ఐడీ కాపీలు అడిగి, టైటిల్ కంపెనీకి ఏ పేరు ఎలా రాయాలో ముందే పంపేస్తుంది. ఒకసారి నన్ను అడిగింది, మీవాళ్లలో ఇంతమంది పేరు ఎఫ్‌ఎన్‌యూ ఎందుకు అని. పది నిమిషాలు నవ్వా, తర్వాత ఇంటిపేర్ల సంగతి అరగంట చెప్పా.

కొత్త ఇళ్ల ఫైళ్లలో మాత్రం టీసీకి అంత పని ఉండదు, బిల్డర్ కాంట్రాక్ట్ బిల్డర్‌ది, తేదీలు వాళ్లిష్టం, వాటికి సగం ఫీజే ఇస్తా.

టీసీని పెట్టుకుంటే పని మొత్తం ఒదిలేయొచ్చు అనుకునే వాళ్లుంటారు, అలా కాదు. లైసెన్స్ లేని టీసీ బేరం ఆడకూడదు, కాంట్రాక్ట్‌లో ఈ క్లాజ్‌కి అర్థం ఇదీ అని క్లయింట్‌కి చెప్పకూడదు, ఇల్లు చూపించకూడదు. ఒకసారి నేను ఫ్లైట్‌లో ఉంటే క్లయింట్ ఆవిడకి ఫోన్ చేసి, సెల్లర్ రిపేర్లకి 3,000 ఇస్తానంటున్నాడు, ఒప్పుకోమంటారా అని అడిగాడట. ఆవిడ ఏమందంటే, నేను చెప్పకూడదు, మీ ఏజెంట్ ఫ్లైట్ ఆరింటికి దిగుతుంది, అప్పటిదాకా గడువు ఏదీ లేదు, కంగారు పడకండి. నేను దిగేసరికి ఫోన్లో అంతా రాసి ఉంది. చెప్పకూడని దాన్ని చెప్పకుండా, మనిషిని గాల్లో వదిలెయ్యకుండా మాట్లాడటం ఉంది చూశారూ, దానికే ఇస్తున్నా నేను 400.

ఇంకొకటి మర్చిపోయా, వైర్ ఫ్రాడ్. క్లోజింగ్‌కి డబ్బు పంపే ముందు టైటిల్ కంపెనీ పేరుతో దొంగ మెయిల్ రావడం ఇక్కడ మామూలైపోయింది, అకౌంట్ నంబర్ మారింది, ఇక్కడికి పంపండి అని. ఆవిడ ప్రతి క్లయింట్‌కీ మొదటి రోజు పంపే మెయిల్లో మొదటి లైనే అది, అకౌంట్ మారింది అని మెయిల్ వస్తే అది దొంగది, ముందుగా మీకిచ్చిన నంబర్‌కే ఫోన్ చేసి కనుక్కోండి, మెయిల్లో ఉన్న నంబర్‌కి కాదు. మా క్లయింట్ ఒకాయనకి సరిగ్గా అలాంటిదే వచ్చింది క్లోజింగ్‌కి రెండ్రోజుల ముందు, లోగో అదే, ఫైల్ నంబర్ కూడా అదే, మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా. ఆయన ఐటీలో పదిహేనేళ్ల నుంచి ఉన్న మనిషి, అయినా పంపబోయి ఆగాడట, ఆ మొదటి లైన్ గుర్తొచ్చి. కోటి రూపాయల పైమాటే అది.

నేను ఫోన్ చేసి ఆవిడకి థ్యాంక్స్ చెప్పా. సరే, ఆ దొంగ మెయిల్ నాకు ఫార్వర్డ్ చెయ్యకు, టైటిల్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పు, అన్నట్టు రేపు స్థలం సర్వే గురించి సెల్లర్ ఇచ్చే అఫిడవిట్ గడువు, ఇంకా సంతకం పెట్టలేదు అంది.

ఇప్పుడు గ్రూపులో ఈ కథ చెప్తే అందరూ ఆవిడ నంబర్ అడుగుతున్నారు. ఆవిడ నెలకి ఎనిమిది ఫైళ్లకి మించి తీసుకోదు, మూడు నావే. ఆ గురువారం కాంట్రాక్ట్ కాపీ కావాలంటే ఇస్తా, పేర్లు కొట్టేసి, ఈసారి కూడా ఎఫెక్టివ్ డేట్ ఖాళీగానే ఉంచి. నంబర్ మాత్రం ఇవ్వను.